సైకిల్ ట్రాక్ దాకా సైకిల్ మీద వెళ్లే దారేది?

హైదరాబాద్ మహానగరంలో రోడ్లు వేసే, వెడల్పు చేసే, ట్రాఫిక్ నడిపించే అధికారులందరికీ, ఆ రోడ్లకు డిజైన్లు గీసే ఇంజినీర్లకూ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఫలానా శాఖకు అని కాకుండా అందరినీ కలిపి రాయడానికి కారణం ఉంది. రోడ్డు ఒకరిది, పక్కన సర్వీస్ రోడ్డు ఇంకొకరిది, కింద కాలువ మరొకరిది, పైన లైటు వేరొకరిది, సిగ్నల్ పోలీసులది. సైకిల్ మాత్రం ఎవరిదీ కాదు. రోజూ సైకిల్ తొక్కే మేం కొందరం మా ఇబ్బందుల మీద ఇంతకుముందు ఇచ్చిన అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లి, అక్కడినుంచి తిరిగి మొదటి ఆఫీసుకే వచ్చింది. ‘మా పరిధిలోకి రాదు’ అన్న ఒక్క ముక్కే రెండు చోట్లా జవాబు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈసారి పరిధులతో పని లేకుండా, అందరి కంటా పడేలా రాస్తున్నాను.

ముందు మీకు చెందాల్సిన మెప్పు మీకు చెప్పేస్తాను. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023 అక్టోబరు 1న మొదలైన సోలార్ సైకిల్ ట్రాక్ మంచి పని. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు, మొదలైనప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు, మూడు లైన్లు. పైన కప్పుగా సోలార్ పలకలు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. మే నెల మధ్యాహ్నం ఎండలో సైకిల్ తొక్కినవాడికే ఆ నీడ విలువ తెలుస్తుంది. వెనకనుంచి హారన్ లేదు, ఎదురుగా ఆటో రాదు. సైకిల్ కోసం ఈ నగరం ఇంత చేయగలదని నేనైతే అనుకోలేదు.

చేయగలదని తేలింది కాబట్టే ఇప్పుడు అడుగుతున్నాను.

ఆ ట్రాక్ మీద తొక్కాలంటే ముందు దాని దగ్గరికి చేరాలి. అసలు ఓఆర్ఆర్ మీదికి టూవీలర్లకే ప్రవేశం లేదు, సైకిల్ మాట చెప్పనక్కర్లేదు. ఊళ్లోంచి అక్కడిదాకా సైకిల్‌కంటూ విడిగా ఉన్న దారి లేదు. ఆదివారం పొద్దున చూడండి, కార్ల వెనక ర్యాకులకు సైకిళ్లు కట్టుకుని వస్తారు. కారు పార్క్ చేసి, సైకిల్ దించి, పాతికో ముప్పయ్యో కిలోమీటర్లు తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని వెళ్లిపోతారు. ఊరి చివర మంచినీళ్ల బావి తవ్వించి, బిందె పట్టుకుని కార్లో రమ్మన్నట్టుంది. నిగనిగలాడే హెల్మెట్లు పెట్టుకుని లక్ష రూపాయల సైకిళ్లు తొక్కేవాళ్ల మీద నాకేం కోపం లేదు. వాళ్లు పట్టుబట్టకపోతే ఆ ట్రాకే వచ్చేది కాదేమో. కానీ ఈ నగరంలో రోజూ సైకిల్ తొక్కేవాళ్లలో ఎక్కువమంది వాళ్లు కాదు.

రోజూ తొక్కేవాళ్లు ఎవరో చూడాలంటే పొద్దున అయిదున్నర, ఆరు మధ్య ఐటీ కారిడార్‌లో ఏ సర్వీస్ రోడ్డు పక్కనైనా నిలబడండి. రాత్రి డ్యూటీ దిగి వెళ్లే సెక్యూరిటీ గార్డులు, పగటి డ్యూటీకి వచ్చే గార్డులు. అపార్ట్‌మెంట్లలో కార్లు కడిగే కుర్రాళ్లు, ఒక్కొక్కరి హ్యాండిల్‌కు ఒక బకెట్. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, బిహార్, ఒడిశాల నుంచి వచ్చి టవర్లు కడుతున్న కూలీలు, మేస్త్రీలు. క్యారేజీ మీద తాపీ సామాను, దానికి రబ్బరు ట్యూబుతో కట్టిన అన్నం డబ్బా. వీళ్లలో చాలామంది ఆ సోలార్ ట్రాక్‌కు కూతవేటు దూరంలో ఉంటూ కూడా దాని మీద ఒక్కసారీ చక్రం పెట్టలేదు. వాళ్లు వెళ్లాల్సిన చోటికి అది పోదు కాబట్టి.

ఈ ట్రాక్‌కు ముందు మన అధికారులు చూసొచ్చిన దక్షిణ కొరియా నమూనా, దేజియోన్ నుంచి సెజోంగ్ దాకా ఉన్న 32 కిలోమీటర్ల బాట, రెండు నగరాలను కలుపుతుంది. మనం కప్పును తెచ్చుకున్నాం, కలపడాన్ని అక్కడే వదిలేశాం.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో, నాకు తెలిసినంతలో, వరుసగా చెబుతాను.

1. రాయదుర్గం నుంచి నానక్‌రాంగూడ. మెట్రో బ్లూలైన్ రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి సోలార్ ట్రాక్ మొదలయ్యే నానక్‌రాంగూడకు అటూఇటూగా ఏడు కిలోమీటర్లు. సైకిల్ మీద అరగంట. ఈ ఏడు కిలోమీటర్లే కష్టం. బయోడైవర్సిటీ కూడలి మీదుగా గచ్చిబౌలి వైపు వెళ్లినా, ఖాజాగూడ వైపు తిరిగినా, రోడ్డుకు ఎడమ అంచునే పోవాలి. ఆ అంచున ఏముంటుంది? ఆగిన క్యాబులు, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డ జనం, ఇసుక, ఎవరో తవ్వి పూడ్చిన కందకం. వాటిని తప్పించుకోవాలంటే కుడికి రావాలి. కుడివైపు రెడీమిక్స్ లారీ.

ఫ్లైఓవర్లు వచ్చాక కార్లకు హాయిగా ఉంది, కాదనను. సైకిల్‌వాడికి మాత్రం ఫ్లైఓవర్ ఎక్కే చోటా దిగే చోటా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. ఎక్కే చోట, కింద నేరుగా పోవాలనుకున్నవాడికి వెనకనుంచి వచ్చే బండి పైకి పోతుందో, ఎడమకు కోస్తుందో తెలియదు. దిగే చోట, పైనుంచి అదే వేగంతో జారి వచ్చిన కారు ఎడమవైపు టర్నింగ్ కోసం మన ముందునుంచే అడ్డంగా వెళ్తుంది. ఈ రెండు చోట్లా సైకిల్‌కు కనీసం ఒక రంగు గీత లేదు, ‘సైకిళ్లు దాటును’ అన్న ఒక బోర్డు లేదు.

2. యూటర్న్‌లు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారులో కూర్చుని చూసేవాళ్లకు ఇది అర్థం కాదు.

కొన్నేళ్లుగా నగరంలో కూడళ్లు మూసేసి, సిగ్నళ్లు తీసేసి, అర కిలోమీటరో ముప్పావో అవతల యూటర్న్‌లు పెట్టారు. కార్లకు సిగ్నల్ దగ్గర ఆగే పని తప్పింది. అదే యూటర్న్ సైకిల్‌వాడికి ఎలా ఉంటుందో చూడండి. రోడ్డుకు అవతల, ఎదురుగా కనిపించే బిల్డింగ్‌లో డ్యూటీ. నేరుగా దాటితే ముప్పై మీటర్లు. యూటర్న్ మీదుగా అయితే వెళ్లి రావడం ఒకటిన్నర కిలోమీటరు. కారుకు రెండు నిమిషాలు. పాత సైకిల్ మీద, ఎదురుగాలి, కొంచెం ఎత్తు ఉంటే ఏడెనిమిది నిమిషాలు. పన్నెండు గంటలు నిలబడి డ్యూటీ చేసి వచ్చిన కాళ్లతో.

దూరం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. యూటర్న్ తీసుకోవాలంటే ఎడమ అంచు నుంచి కుడి చివరిదాకా మూడు లైన్లు దాటాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది. సైకిల్‌కు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. అంటే వెనక 50 నుంచి 65 మీటర్ల ఖాళీ ఉండాలి, అదీ ఒక్కో లైనుకు విడివిడిగా. పొద్దున తొమ్మిదింటికి ఐటీ కారిడార్‌లో 65 మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుందో డిజైన్ గీసినవారే చెప్పాలి. సైకిల్‌కు వెనక చూసుకోవడానికి అద్దం కూడా ఉండదు. మెడ తిప్పి చూడాలి. మెడ తిప్పితే హ్యాండిల్ తిరుగుతుంది.

అందుకే సైకిల్‌వాడు రాంగ్ రూట్‌లో వస్తాడు. రాంగ్ రూట్‌ను నేను సమర్థించడం లేదు, అది ఎదుటివాడికీ ప్రమాదమే. కానీ అతను తలపొగరుతో వస్తున్నాడని మీరు అనుకుంటున్నారు. అతను లెక్క వేసుకునే వస్తున్నాడు. ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుంది, వెనకనుంచి వచ్చేది కనిపించదు. కనిపించే ప్రమాదాన్ని ఎంచుకుంటున్నాడు. ప్రతి యూటర్న్ దగ్గరా మనుషులూ సైకిళ్లూ నేరుగా దాటేలా డివైడర్‌లో ఒక సందు, బటన్ నొక్కితే ఆగే ఒక సిగ్నల్ పెడితే ఈ రాంగ్ రూట్ సగం తగ్గుతుంది. నడిచి దాటే ముసలివాళ్లకు, పిల్లలకు కూడా అదే దారి.

3. కాలువ జాలీలు. వాననీటి కాలువల మీద వేసే ఇనుప జాలీ చువ్వలు చాలాచోట్ల బండి పోయే దిశలోనే ఉంటాయి. మామూలు నల్ల సైకిల్ టైరును షాపుల్లో ‘ఇరవై ఎనిమిది, ఒకటిన్నర’ అంటారు. వెడల్పు ఒకటిన్నర అంగుళం అన్నమాట. చువ్వల మధ్య సందు అంతకన్నా కొంచెం ఎక్కువున్నా ముందు చక్రం తిన్నగా లోపలికి దిగుతుంది. కారు టైరుకు అక్కడ జాలీ ఉందన్న సంగతే తెలియదు.

నాకు తెలిసిన ఒక గార్డు, యాభై దాటిన మనిషి, వానాకాలంలో ఒక సర్వీస్ రోడ్డు మీద రాత్రి డ్యూటీకి వెళ్తూ ఇలాగే పడ్డాడు. జాలీ మీద చీలమండలోతు నీళ్లు ఉన్నాయి, కనిపించలేదు. చక్రం దిగబడి సైకిల్ నిలువునా ఆగిపోతే, మనిషి హ్యాండిల్ మీదినుంచి వెళ్లి కాంక్రీటు అంచుకు తగిలాడు. మణికట్టు విరిగింది. డబ్బా మూత ఊడి పప్పన్నం నీళ్లలో తేలింది. కట్టు విప్పేదాకా డ్యూటీ లేదు, డ్యూటీ లేకపోతే జీతం లేదు, మనిషిని పంపే ఏజెన్సీ ఆ జాగాలో వేరేవాడిని పెట్టుకుంది. సైకిల్‌కు ముందు రిమ్ము బెండ్ తీసి, నాలుగు చువ్వలు మార్చి, ఫోర్క్ సరిచేస్తే మళ్లీ తిరిగింది. చేయి మాత్రం ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

దీనికి డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) అక్కర్లేదు. జాలీని తీసి అడ్డంగా తిప్పి పెట్టడమే. తిప్పడానికి కుదరకపోతే చువ్వల మీద అడ్డంగా నాలుగు పట్టీలు వెల్డింగ్ చేయించడమే. దీనికయ్యే ఖర్చు ఒక వెల్డరు కూలి. మా అర్జీలో అన్నిటికన్నా ముందు అడిగింది ఇదే. ఇదే ‘పరిధిలోకి రాలేదు’.

4. ‘స్థలం లేదు’ అన్న మాట. ఊళ్లో సైకిల్ బాట వేయమంటే ఎప్పుడూ వచ్చే జవాబు ఇది. సోలార్ ట్రాక్ ఎక్కడ వచ్చింది? ఓఆర్ఆర్‌కూ సర్వీస్ రోడ్డుకూ మధ్య, ఖాళీగా ఉన్న జాగాలో. దాని కోసం ఎవరి దగ్గరా ఒక అడుగు తీసుకోలేదు. ఏ కారూ ఒక లైను వదులుకోలేదు, ఏ షాపువాడూ పార్కింగ్ పోయిందని ధర్నా చేయలేదు. ఖాళీ జాగాలో మంచి పని చేయడం తేలిక. అడిగి తీసుకోవాల్సిన చోటే అసలు పరీక్ష, అక్కడ మీరు ఇంకా పెన్ను పట్టలేదు.

కారు లైను వెడల్పు 3.5 మీటర్లు. ఒకవైపు పోయే సైకిళ్లకు మేం అడుగుతున్నది రెండు మీటర్లు. రోడ్డు పక్కన ఆపిన ఒక కారు కూడా తలుపు తెరిచే చోటుతో కలిపి అంతే తింటుంది. అంటే మీరు లేదంటున్న ఆ రెండు మీటర్లు ఉన్నాయి, వాటిని పార్కింగ్‌కు ఊరికే ఇచ్చేశారు. కారు రోజంతా కదలకుండా నిలబడటానికి చోటు ఉన్నప్పుడు, కదిలే మనిషికి చోటు లేదనడం నాకు మింగుడు పడటం లేదు. ‘వాహనాలను కాదు, మనుషులను కదిలించాలి’ అన్నది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం సారాంశమే అది. సైకిల్ ట్రాక్ ఎలా వేయాలో, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ విడిగా ప్రమాణాల పుస్తకం వేసింది, అదీ 1962లోనే. అప్పటికి ఈ దేశంలో ఎన్ని కార్లున్నాయో ఊహించుకోండి.

ఇంకో మాట. తెల్లగీత గీసి, సైకిల్ బొమ్మ వేసి ‘లైను ఇచ్చాం’ అనకండి. మధ్యలో గట్టు లేని గీత వారం రోజుల్లో పార్కింగ్ అవుతుంది, రెండో వారంలో చాట్ బండి వస్తుంది. చాట్ బండివాడిని తిట్టి లాభం లేదు, అతనికీ చోటు చూపించలేదు కదా. 2020లో, కరోనా కాలంలో కేంద్రం ‘సైకిల్స్ ఫర్ చేంజ్’ అని నగరాల మధ్య పోటీ పెడితే, చివరికి ఎంపికైన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. చిన్న నగరం చేసి చూపించింది. హైదరాబాద్‌కు డబ్బు, ఇంజినీర్లు తక్కువా?

5. చీకటి పడ్డాక. రాత్రి షిఫ్టులు ఆడవాళ్లకూ ఉన్నాయి. హౌస్‌కీపింగ్, క్యాంటీన్లు, హాస్టల్ వంటలు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, అది పెద్ద ఊరట. కానీ బస్సు మెయిన్ రోడ్డు మీదే దింపుతుంది. అక్కడినుంచి రెండు మూడు కిలోమీటర్లు, సగం లైట్లు వెలగని సర్వీస్ రోడ్డు. సైకిల్ వచ్చి కూడా తొక్కడానికి భయపడే ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. షేర్ ఆటోకు పోనూ రానూ రోజుకు 60 రూపాయలు వేసుకున్నా, నెలకు 26 డ్యూటీలకు 1,560 రూపాయలు. పదిహేను వేల జీతంలో పదో వంతు పైనే. ఇంటి అద్దె, పిల్లల ఫీజు పోగా మిగిలే దాంట్లో చూస్తే అదెంతో మీకు తెలుసు.

6. మెట్రో స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టే చోటు. గొలుసు వేసుకోవడానికి ఒక ఇనుప కడ్డీ, పైన రేకు, ఒక కెమెరా. ఇంతకన్నా రాయాల్సింది లేదు.

7. లెక్క లేకపోవడం. ‘సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారండీ ఈ రోజుల్లో’ అని ఒక అధికారి మాతో అన్నారు. మర్యాదగానే అన్నారు, ఎగతాళిగా కాదు. ఆయన ఆఫీసుకు వచ్చేసరికి పదిన్నర. సైకిల్ తొక్కేవాళ్లు అప్పటికి గేట్ల దగ్గర కుర్చీల్లో ఉంటారు, పునాదుల్లో ఉంటారు. ట్రాఫిక్ సర్వేలు రద్దీ వేళల్లో చేస్తే వీళ్లు కనిపించరు. కనిపించకపోతే లెక్కలోకి రారు, లెక్కలోకి రాకపోతే డిజైన్‌లోకి రారు.

నా చిన్నప్పుడు సైకిల్‌కు మున్సిపాలిటీ బిళ్ల లేకపోతే పట్టుకునేవాళ్లు. చీకటి పడ్డాక డైనమో లైటు వెలగకపోతే, వెనక ఇంకొకరిని ఎక్కించుకుంటే పోలీసు ఆపేవాడు. మా నాన్న ఆ జరిమానాలు కట్టి తిట్టుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు ఎవరూ ఆపరు. ఆపాలంటే ముందు కనిపించాలి కదా!

8. మూసీ వెంట. ఇది జరిగిన నష్టం కాదు, జరగబోయేదాని గురించి ముందే చెప్పడం. మూసీ అభివృద్ధి పేరుతో నది వెంట రోడ్లు, నడకదారులు వేసే ఆలోచన ఉంది. గండిపేట నుంచి లంగర్‌హౌజ్, 1578లో కట్టిన పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, నాగోల్ మీదుగా నది ఊరిని పడమర నుంచి తూర్పుకు కోసుకుంటూ పోతుంది. నది పారే దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు. ఈ ఊరి గుట్టల మీద తొక్కి అలసిపోయినవాళ్లకు అది ఎంత ముఖ్యమో చెప్పలేను. సోలార్ ట్రాక్ ఉన్నది ఆ పడమటి కొసకు దగ్గరలోనే. నది వెంట చెట్ల నీడలో ఒక సైకిల్ బాట వేసి ట్రాక్‌కు కలిపితే, పాతబస్తీ కుర్రాడు ఒక్క ఫ్లైఓవర్ కింద కూడా దూరకుండా పడమటి వైపు పనికి పోగలడు. ఈ నగరంలో ఆ చివర నుంచి ఈ చివరకు బాట వేయగలిగిన జాగా అదొక్కటే.

అయితే ఒక షరతు. నది ఒడ్డున తరాలుగా ఉంటున్నవాళ్ల గోడు ఈ ఒక్క లేఖలో ఇమిడేది కాదు. వాళ్ల ఇళ్లు తీసేసి, వాళ్లను ముప్పై కిలోమీటర్ల అవతల పడేసి, ఆ జాగాలో సైకిల్ బాట వేస్తామంటే ఆ బాట మాకు వద్దు. అక్కడ సైకిల్ తొక్కేది వాళ్లే.

ఇక మేం అడుగుతున్నవి. ఇవి కోరికల చిట్టా కాదు, గడువులతో కలిపి చెబుతున్నాం.

ఒకటి. ఐటీ కారిడార్ సర్వీస్ రోడ్లన్నిటి మీదా ఉన్న జాలీలను 60 రోజుల్లో సరిచేయించండి. వానాకాలం మొదలయ్యేలోపు అయితే మరీ మంచిది. ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలతో, లొకేషన్లతో మేమే ఇస్తాం.

రెండు. రాయదుర్గం మెట్రో నుంచి నానక్‌రాంగూడ ట్రాక్ దాకా గట్టుతో వేరుచేసిన సైకిల్ బాటకు సర్వే చేయించి, ఆ డ్రాయింగ్ ఆరు నెలల్లో జనం ముందు పెట్టండి. ఇంగ్లిష్‌లో మాత్రమే కాదు, తెలుగులో, ఉర్దూలో కూడా. గార్డులతో, కూలీలతో మాట్లాడాకే ఖరారు చేయండి. వాళ్లు మీటింగ్ హాలుకు రాలేరు, మీరే పొద్దున ఆరింటికి రోడ్డు మీదికి రావాలి. మేం కూడా వస్తాం, టీ మా ఖర్చు.

మూడు. ఇకపై పిలిచే ప్రతి ఫ్లైఓవర్, రోడ్డు వెడల్పు టెండర్‌లో సైకిల్ ఎక్కడ పోతుందో చూపించే డ్రాయింగ్ ఉండాలి. లేకపోతే ఆ టెండర్ ముందుకు పోకూడదు. పూర్తయ్యాక సైకిల్ గుర్తుకొస్తే, అప్పుడు నిజంగానే స్థలం ఉండదు.

నాలుగు. యూటర్న్‌లు పెట్టిన ప్రతి కూడలి దగ్గరా మనుషులు, సైకిళ్లు నేరుగా దాటే ఏర్పాటు. అన్నీ ఒక్కసారి కాకపోయినా, ముందు ఆసుపత్రులు, బస్టాపులు, స్కూళ్లు ఉన్న చోట్ల.

అయిదు. పొద్దున 5 నుంచి 8 దాకా, రాత్రి 7 నుంచి 10 దాకా సైకిళ్లను లెక్కపెట్టే సర్వే ఏడాదికి రెండుసార్లు. ఆ అంకెలు బయట పెట్టాలి. అంకె చిన్నదైతే ఒప్పుకుంటాం, కానీ ముందు లెక్కపెట్టండి.

ఆరు. రోడ్డు ఎవరిదైనా, కాలువ ఎవరిదైనా, సైకిల్ గురించిన అర్జీ తీసుకుని, తిప్పి పంపకుండా, పని పూర్తయ్యేదాకా వెంటపడే అధికారి ఒక్కరు ఉండాలి. పేరు, ఫోన్ నంబరు బోర్డు మీద ఉండాలి.

ఒక చట్టం సంగతి కూడా గుర్తుచేయాలి. బెదిరించడానికి కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అవిటివాళ్లయినా, బాధ్యులైన అధికార సంస్థకూ కాంట్రాక్టర్‌కూ లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇన్నాళ్లూ ప్రమాదం జరిగితే ఎఫ్ఐఆర్‌లో డ్రైవర్ పేరే ఉండేది. ఇకపై ఫలానా చోట ప్రమాదం పొంచి ఉందని మేం రాతపూర్వకంగా చెప్పాక కూడా అక్కడ ఎవరైనా పడితే, మేం ఇచ్చిన అర్జీ నకలు ఆ కుటుంబం చేతిలో పెడతాం.

ఈ లేఖను సంబంధిత ఆఫీసులన్నిటికీ విడివిడిగా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. జాలీల మీద ఏం చర్య తీసుకున్నారో తెలపమని, ప్రతి ఆఫీసుకూ వేరుగా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా జత చేశాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ‘మా పరిధిలోకి రాదు’ అని రాయదలిస్తే, ఎవరి పరిధిలోకి వస్తుందో కూడా అదే కాగితం మీద రాసి, దరఖాస్తును వాళ్లకు మీరే బదిలీ చేయాలి. ఆ బాధ్యత కూడా ఆ చట్టంలోనే, సెక్షన్ 6(3)లో ఉంది.

ఇట్లు,
షేక్‌పేట నుంచి రోజూ సైకిల్ మీద పనికి వెళ్లే ఒక పౌరుడు